సినిమా ముందా, నవల ముందా? మూకీ సీరియళ్ళూ, పత్రికలతో వాటి పొత్తూ

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల దగ్గర "ది ఎక్స్‌ప్లాయిట్స్ ఆఫ్ ఎలెయిన్" అనే పాత ఇంగ్లీషు నవల దొరికింది. పైఅట్ట లేదు, మొదటి పేజీ లేదు, మధ్యమధ్యలో నున్నటి కాగితం మీద సినిమా ఫొటోలున్నాయి. ఇది సినిమాగా తీసిన నవలా, సినిమా చూసి రాసిన నవలా? హీరోయిన్‌ని రైలు పట్టాలకి కట్టేసే సీను దీంట్లోదేనా? ఇలాంటివి మన వైపు ఆడాయా? అమ్మితే ఏమైనా వస్తుందా?

సూటి జవాబు ముందు చెప్పేస్తాను. మీరు రాసిన రెండూ కాదు. సినిమా, పత్రికలో కథ రెండూ ఒకే ప్లాను కింద పక్కపక్కనే తయారయ్యాయి; మీ చేతిలో ఉన్నది ఆ పత్రిక కథని 1915లో పుస్తకంగా వేసి అమ్మినది. పట్టాల సీను దీంట్లోది కాదు. మన వైపు ఆడింది, అదీ మద్రాసులో ఒక తెలుగాయన థియేటర్లో ఆడిందని నా నమ్మకం, కారణం కింద రాస్తాను. డబ్బు సంగతి చివర్లో.

నేను పాత సినిమా కాగితాలు సేకరిస్తాను, అంటే హ్యాండ్‌బిల్లులు, పాటల పుస్తకాలు, లాబీ కార్డులు (థియేటర్లో ప్రదర్శనకి పెట్టే సినిమా ఫొటో కార్డులు), ఇలాంటి ఫొటోల నవలలు. వేరేవాళ్ళ సేకరణలకి కేటలాగు రాసిపెట్టే పని కూడా చేస్తుంటాను. ఈ పనిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న మీదే, "ఏది ముందు?" అని. మనకి అలవాటైన లెక్క ప్రకారం ఒక నవల హిట్టవుతుంది, దాన్ని సినిమా తీస్తారు, సినిమా ఆడితే దాని బొమ్మతో సబ్బో బిస్కెట్టో అమ్ముతారు. ప్రచారం ఎప్పుడూ సినిమా వెనకాల వస్తుంది. మూకీ సీరియళ్ళ దగ్గర, అంటే ఒకే కథని భాగాలు భాగాలుగా థియేటర్లో చూపించిన మాటల్లేని సినిమాల దగ్గర, ఈ లెక్క తలకిందులు. మీ ఎలెయిన్ కూడా అలాంటి సీరియలే. అక్కడ సీరియల్ అనే రూపమే పత్రికల సర్క్యులేషన్ పెంచడానికి పుట్టింది. సినిమా ఆ పథకంలో సగం భాగం మాత్రమే.

ఎలా మొదలైందో చూడండి. 1912లో అమెరికాలో "ది లేడీస్ వరల్డ్" అని ఆడవాళ్ళ మాసపత్రిక ఉండేది. వాళ్ళు మేరీ అనే అమ్మాయి కథ నెలనెలా వెయ్యాలనుకున్నారు. ఎడిసన్ కంపెనీతో మాట్లాడుకుని, పత్రికలో వచ్చిన భాగమే అదే నెలలో ఒక రీలు సినిమాగా వచ్చేట్టు ఏర్పాటు చేసుకున్నారు. పేరు "వాట్ హ్యాపెన్డ్ టు మేరీ", మేరీ వేషం మేరీ ఫుల్లర్‌ది, మొత్తం 12 భాగాలు. పత్రికలో పోటీ పెట్టారు: కథ ఇక్కడ ఆగింది, తర్వాత మేరీకి ఏమవుతుందో రాసి పంపండి, బాగా ఊహించినవాళ్ళకి 100 డాలర్లు. అప్పట్లో మామూలు ఉద్యోగికి అది నెలజీతం కంటే ఎక్కువ. ఆ మరుసటి ఏడాదికల్లా ఇదే కథ నవలగా వచ్చింది, నాటకంగా ఆడింది, పాటగా కూడా అచ్చయింది. ఒక కథని ఒకేసారి నాలుగైదు దుకాణాల్లో పెట్టి అమ్మడమన్నమాట. మనం ఇదేదో ఈమధ్య కార్పొరేట్ వాళ్ళు కనిపెట్టిన తెలివి అనుకుంటాం!

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, మేరీ కథలో ఏ భాగానికా భాగం పూర్తయిపోయేది. హీరోయిన్ ప్రాణం మీదకి వచ్చిన చోట ఆపేసి "మిగతాది వచ్చేవారం" అనడం ఇంకా రాలేదు. దానికి దినపత్రికలు దిగాల్సి వచ్చింది.

షికాగోలో అప్పుడు పత్రికల మధ్య మామూలు పోటీ కాదు, నిజంగానే రౌడీల్ని పెట్టి ఒకళ్ళ పేపర్ కట్టలు ఇంకొకళ్ళు లాక్కునే స్థాయి. ఒకవైపు "షికాగో ట్రిబ్యూన్", ఇంకోవైపు విలియం రాండాల్ఫ్ హర్స్ట్ పత్రికలు. ఆ గొడవలో ట్రిబ్యూన్ వాళ్ళు ఆ ఊరి సినిమా కంపెనీ సెలిగ్‌తో చేతులు కలిపి 1913 డిసెంబర్ 29న "ది అడ్వెంచర్స్ ఆఫ్ కాథ్లిన్" వదిలారు. 13 భాగాలు, రెండు వారాలకోసారి ఒకటి, కథ ట్రిబ్యూన్ ఆదివారం పేజీల్లో. కథ రాసింది అప్పటికే పేరున్న నవలాకారుడు హెరాల్డ్ మెక్‌గ్రాత్. భాగం చివర్న హీరోయిన్ ఆపదలో ఉండగా ఆపడం ఇక్కడ గట్టిపడింది. ట్రిబ్యూన్ సర్క్యులేషన్ దాదాపు 10 శాతం పెరిగిందని చెబుతారు. ఈ అంకె పత్రిక వాళ్ళు, సినిమా వాళ్ళు ఇద్దరూ డప్పు కొట్టుకున్నదే కాబట్టి కాస్త తగ్గించి తీసుకోండి. కానీ పెరిగిందన్నది మాత్రం నిజం, లేకపోతే హర్స్ట్ అంత పరుగున వెనకాలే వచ్చేవాడు కాదు.

కాథ్లిన్ కథ జరిగేది మన దేశంలోనే అని తెలిస్తే మీకు నవ్వొస్తుంది. "అల్లాహా" అనే ఊహల రాజ్యం, "అంబల్లా" అనే దుర్మార్గుడు, అమెరికా పిల్ల తండ్రిని వెతుక్కుంటూ వచ్చి ఇష్టం లేకుండా సింహాసనం ఎక్కుతుంది. సింహాలు, పులులు, ఏనుగులు. ఎందుకన్ని జంతువులంటే సెలిగ్ దగ్గర సొంత జంతువుల కొట్టం ఉంది, దాన్ని మేపాలి కదా, అందుకని కథ ఇండియాకి వచ్చింది. పేర్లు చూస్తే ఒక రైల్వే టైమ్‌టేబులూ ఒక నమాజు పుస్తకమూ ముందు పెట్టుకుని రాసినట్టుంటుంది. నవల ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, సరదాకి చదవండి, కోపం తెచ్చుకోకండి.

ఇక పొత్తు లోపల ఎవరికేం దక్కేదో చెప్తాను, అసలు విషయం ఇక్కడే ఉంది.

పత్రికకి: ఒక పెద్ద రచయిత కథ, పైగా బొమ్మలు గియ్యక్కర్లేకుండా సినిమా ఫొటోలు. ఈ వారం చదివినవాడు వచ్చేవారం కొనక తప్పదు. సినిమా కంపెనీకి: ప్రతి ఆదివారం లక్షల ఇళ్ళలోకి వెళ్ళే పేజీ, కథ రూపంలో ఉన్న ప్రకటన, పక్కనే ఏ థియేటర్లో ఆడుతోందో జాబితా. థియేటర్ యజమానికి: ఇదే అన్నిటికంటే పెద్దది. 1912కి ముందు చిన్న థియేటర్లలో ప్రోగ్రాం రోజూ మారిపోయేది, ఒక్కొక్కటి పది పదిహేను నిమిషాల సినిమాలు, జనం "సినిమాకి" వెళ్ళేవాళ్ళు గానీ ఫలానా సినిమాకి వెళ్ళేవాళ్ళు కాదు. సీరియల్ వచ్చాక ప్రతి మంగళవారమో గురువారమో అదే జనం అదే హాలుకి వచ్చి తీరతారు. మిగతా ప్రోగ్రాం ఎలా ఉన్నా పర్వాలేదు.

పేపర్లో కథ ముందే చదివేస్తే ఇంక థియేటర్‌కి ఎందుకొస్తారని మీరు అడగొచ్చు. నేను పాత పేపర్ల స్కాన్లు తిరగేస్తున్నప్పుడు నన్నూ ఇది చాలాకాలం తొలిచింది. జవాబు కొంతవరకు సాంకేతికం. మాటల్లేని సినిమా, రెండు రీళ్ళు, ఇరవై ఇరవైఐదు నిమిషాల్లో హడావుడిగా చెప్పిన కథ, పాత్రలు పాతికమంది, ఎవడు ఎవడి వేషం వేసుకున్నాడో మధ్యలో రాసిన కార్డులు చదివితే గానీ తెలియదు. పేపర్ చదివి వచ్చినవాడికి కథ సులువుగా అర్థమవుతుంది, పక్కవాడికి చెప్పి గొప్పలు కూడా పోవచ్చు. పైగా ఊరి చివర చిన్న థియేటర్‌కి ప్రింటు వారాలు, ఒక్కోసారి నెలలు ఆలస్యంగా చేరేది. అక్కడి జనానికి పేపర్ కథే ముందు, సినిమా తర్వాత. మన దగ్గర హరికథకి వెళ్ళేవాళ్ళకి కథ తెలియదా ఏమిటి?

ఇప్పుడు మీ ఎలెయిన్. కాథ్లిన్ దెబ్బకి హర్స్ట్ 1914 మార్చిలో పాథే కంపెనీతో కలిసి "ది పెరిల్స్ ఆఫ్ పాలీన్" వదిలాడు, 20 భాగాలు, హీరోయిన్ పెర్ల్ వైట్. ప్రేక్షకులకి మొత్తం 25,000 డాలర్ల బహుమతులన్నారు. "పూర్ పాలీన్" అని ఆమె కష్టాల మీద ఒక హాస్యపు పాట కూడా అదే ఏడాది అచ్చయింది. అది బాగా ఆడేసరికి ఆ డిసెంబర్ చివర్లోనే అదే పొత్తు, అదే హీరోయిన్‌తో "ఎలెయిన్" మొదలుపెట్టారు. ఈసారి హర్స్ట్ చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆర్థర్ బి. రీవ్ అనే రచయిత సృష్టించిన క్రెయిగ్ కెన్నడీ అనే సైంటిస్టు డిటెక్టివ్ అప్పటికే హర్స్ట్‌దే అయిన "కాస్మోపాలిటన్" పత్రికలో 1910 నుంచీ పాపులర్. ఆ పాత్రని తీసుకొచ్చి ఎలెయిన్ పక్కన నిలబెట్టారు. అంటే పత్రిక హీరోకి పత్రిక చందాదారులు, సినిమా హీరోయిన్‌కి సినిమా జనం, ఇద్దర్నీ ఒక టిక్కెట్టు మీద కలిపారు. షూటింగ్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథకా అనే చిన్న ఊళ్ళో, వార్టన్ సోదరుల దగ్గర.

మీ పుస్తకం తెరిచి చూడండి, కథ చెప్పేవాడు "నేను" అంటుంటాడు. ఆ నేను ఎవరు? వాల్టర్ జేమ్సన్, న్యూస్‌పేపర్ రిపోర్టర్. పేపర్లో వచ్చే కథని పేపర్ విలేకరి చేతే చెప్పించారు. ఈ పాత్ర కెన్నడీ కథల్లో ముందు నుంచీ ఉన్నవాడే, కానీ ఈ పొత్తుకి అంతకంటే సరిగ్గా సరిపోయేవాడు దొరకడు.

14 అధ్యాయాలుంటాయి, 14 భాగాలకి సరిగ్గా. ఒక్కో అధ్యాయం ఒక కొత్త సైన్సు వింత మీద నడుస్తుంది: రక్తం ఎక్కించడం, విషం పట్టించిన గది, చంపే కిరణం, చచ్చిపోయిందనుకున్న మనిషిని కరెంటుతో బతికించడం. అప్పటి పేపర్లలో సైన్సు వార్తల పేజీ తీసి పక్కన పెట్టుకుంటే ఈ ఐడియాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిసిపోతుంది. దుర్మార్గుడి పేరు "క్లచింగ్ హ్యాండ్", ముసుగేసుకుని వంకర చెయ్యి ముందుకి చాపి వస్తాడు. ఎవరో చివరిదాకా తెలియదు. మీరు ఇంకా చదవకపోతే ఇంతటితో ఆపుతాను.

ఈ సిరీస్ అక్కడితో ఆగలేదు, "న్యూ ఎక్స్‌ప్లాయిట్స్" 10 భాగాలు, "రొమాన్స్ ఆఫ్ ఎలెయిన్" 12, మొత్తం 36 వారాలు జనాన్ని కట్టిపడేశారు. ఫ్రాన్స్‌లో వీటిలోంచి 22 భాగాలు కూర్చి 1915 చివర్లో "లె మాతాఁ" అనే దినపత్రికలో కథతో సహా విడుదల చేశారు. యుద్ధం రోజులు, అయినా పిచ్చిగా ఆడింది. దానికి పోటీగా గోమాఁ కంపెనీలో లూయీ ఫుయాద్ "లె వాంపీర్" తీశాడు, గోడల మీద ముసుగు మొహాలు, ప్రశ్నార్థకాలు ఉన్న పోస్టర్లతో. 1917లో "జుదెక్స్" దగ్గరికి వచ్చేసరికి వాళ్ళూ "లె పెటీ పారిజియన్" అనే పెద్ద దినపత్రికతో పొత్తు కుదుర్చుకున్నారు. సినిమా చరిత్ర రాసేవాళ్ళు ఫుయాద్ కళ గురించి పేజీలు పేజీలు రాస్తారు, తప్పు లేదు, ఆ కళకి డబ్బు దారి ఇలా వేశారన్నది కూడా రాస్తే బాగుండేది.

పోటీల సంగతి. ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, మీరు అడక్కపోయినా రాస్తాను. 1914లో తాన్‌హౌజర్ కంపెనీ, మళ్ళీ ట్రిబ్యూన్‌తోనే, "ది మిలియన్ డాలర్ మిస్టరీ" తీసింది. 22 భాగాలు ఆడించి చివరి భాగం తియ్యకుండా ఆపేశారు. పది లక్షల డాలర్లు ఏమయ్యాయి, ముడి ఎలా విప్పాలి, మీరే రాసి పంపండి, మంచి ముగింపుకి 10,000 డాలర్లు. సెయింట్ లూయిస్‌లో ఆఫీసులో పనిచేసే ఐడా డేమన్ అనే ఆవిడకి వచ్చింది బహుమతి, దాని ఆధారంగా 23వ భాగం తీసి వదిలారు. ప్రేక్షకుల ముగింపుతో సినిమా, 1915లో!

అదే సినిమాకి ప్రచారం చేసినవాళ్ళు ఇంకో పని చేశారు, ఇది మాత్రం నాకు మింగుడు పడదు. సినిమాలో హీరోయిన్ పేరు ఫ్లారెన్స్ గ్రే. సినిమా వస్తోందని చెప్పకుండా, "కోటీశ్వరుడి కూతురు ఫ్లారెన్స్ గ్రే కనబడటం లేదు" అని నిజం వార్తలాగే బయటికి పొక్కించారు. పేపర్లు నమ్మి వేశాయి. తర్వాత అది సినిమా అని తేలింది. వార్తకీ ప్రకటనకీ మధ్య గీత చెరిపెయ్యడం సోషల్ మీడియాతో మొదలైందనేవాళ్ళకి నేను ఈ కథే చెప్తాను.

ఈ గీత చెరిగితే ఎంత దూరం పోతుందో చూడాలంటే 1917 నాటి "పేట్రియా" చూడాలి. హర్స్ట్ సొంత సినిమా కంపెనీది, 15 భాగాలు, డాన్సర్ ఐరీన్ కాసిల్ హీరోయిన్. జపాను, మెక్సికో కలిసి అమెరికా మీదకి దండెత్తుతాయన్నది కథ. హర్స్ట్ పేపర్ల సంపాదకీయాల్లో ఆయన రోజూ రాయించేదీ అదే పాట. అధ్యక్షుడు విల్సన్ స్వయంగా ఉత్తరం రాసి అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. జపాన్ పాత్రల పేర్లు మార్చి, కొన్ని ముక్కలు తీసేసి ఆడించారు. పేపరూ సినిమా ఒకే చేతిలో ఉంటే సీరియల్ కథ కాస్తా రాజకీయ ప్రచారం అయిపోయింది.

పట్టాల సీను గురించి. పాలీన్‌నీ, ఎలెయిన్‌నీ పట్టాలకి కట్టేశారని అందరూ అనుకుంటారు, కార్టూన్ల పుణ్యమా అని. ఆ సీను 1867 నాటి ఒక న్యూయార్క్ నాటకంలోది, పైగా అందులో పట్టాల మీద కట్టేసి ఉండేది మగవాడు, గొడ్డలితో తలుపు పగలగొట్టి వచ్చి కాపాడేది ఆడమనిషి. 1913లో కీస్టోన్ కంపెనీ వాళ్ళు ఈ సీనుని వెటకారం చేస్తూ ఒక కామెడీ తీశారు, అందులో మేబెల్ నార్మండ్‌ని కట్టేస్తారు. అంటే సీరియళ్ళు ఊపందుకునే ముందే అది పాతబడిపోయిన జోకు. రైళ్ళ సాహసాలు నిజంగా కావాలంటే "హాజర్డ్స్ ఆఫ్ హెలెన్" ఉంది, 119 భాగాలు. అందులో అమ్మాయి రైలు మీదకి దూకుతుంది, ఎవరో వచ్చి విప్పదీసేదాకా ఎదురుచూస్తూ కూర్చోదు.

సాహసాలన్నీ పెర్ల్ వైటే స్వయంగా చేసిందని పబ్లిసిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి రాశారు. చాలావరకు చేసింది కూడా, వెన్ను దెబ్బతింది. కానీ 1922లో ఆమె చివరి సీరియల్ "ప్లండర్" షూటింగ్‌లో, న్యూయార్క్‌లో బస్సు మీంచి పైన వెళ్ళే రైలు వంతెన దూలం పట్టుకోబోయి జాన్ స్టీవెన్‌సన్ అనే అతను జారిపడి చనిపోయాడు. ఆమెలా కనబడటానికి విగ్గు పెట్టుకుని ఉన్నాడు. అప్పుడు గానీ డూపుల సంగతి జనానికి గట్టిగా తెలియలేదు. పాత పబ్లిసిటీ కాగితాలు చదివేటప్పుడు నేను ఈ ఒక్క సంగతి పక్కన పెట్టుకుని చదువుతాను: అందులో రాసింది జరిగినదానికి సాక్ష్యం కాదు, జనం ఏం నమ్మాలని వాళ్ళు కోరుకున్నారో దానికి సాక్ష్యం.

ఇక మన వైపు. మచిలీపట్నం మూలాలున్న రఘుపతి వెంకయ్య గారి గురించి మీకు తెలిసే ఉంటుంది, ఆయన పేరు మీదే అవార్డు ఇస్తారు. మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టి, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ (తెర మీద బొమ్మతో పాటు రికార్డు మీంచి శబ్దం వినిపించే యంత్రం) కొని ఊళ్ళు తిరిగి సినిమాలు చూపించి, తర్వాత గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు పెట్టారు. ఆయన జీవిత విశేషాలు రాసిన చోటల్లా ఆ థియేటర్లలో ఆడించిన సినిమాల పేర్లు కొన్ని వస్తాయి. "మిలియన్ డాలర్ మిస్టరీ", "బ్రోకెన్ కాయిన్", "క్లచింగ్ హ్యాండ్". మొదటిది పైన చెప్పిన 10,000 డాలర్ల పోటీ సినిమా. రెండోది 1915 నాటి యూనివర్సల్ సీరియల్, 22 భాగాలు. మూడోది చూడండి. క్లచింగ్ హ్యాండ్ మీ ఎలెయిన్ కథలో దుర్మార్గుడి పేరు, మొదటి భాగం పేరు కూడా అదే. సినిమాని హీరోయిన్ పేరుతో కాకుండా దుర్మార్గుడి పేరుతో జనం పిలుచుకోవడం, అదే పేరు జ్ఞాపకాల్లో మిగిలిపోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది. అందుకే మీ పుస్తకంలోని సినిమానే వెంకయ్య గారు ఆడించారని నా అంచనా. అంచనా అనే రాస్తున్నాను.

కానీ ఒక తేడా ఉంది. ఇక్కడికి సినిమా వచ్చింది గానీ పొత్తు రాలేదు. అమెరికాలో ఆడి ఆడి అరిగిన ప్రింట్లు ఆలస్యంగా ఓడల్లో వచ్చేవి. వారానికి ఒక్క భాగం కాకుండా నాలుగైదు కలిపి ఒక ఆటలో వేసెయ్యడం మామూలు. పక్కన నడిచే పత్రిక కథ లేదు. ఇంగ్లీషు కార్డులు చదవగలిగేవాళ్ళు కొద్దిమందే. మరి కథ ఎలా చేరేది? హాల్లో ఒకాయన నిలబడి తెర మీద కార్డులని గట్టిగా మన భాషలో చెప్పేవాడు. బయట బండి మీద డప్పులతో తిరుగుతూ హ్యాండ్‌బిల్లులు పంచేవాళ్ళు, వాటిలో కథ సగం దాకా చెప్పి "మిగతాది తెర మీద" అన్న పద్ధతిలో ఆపేసేవాళ్ళు. అక్కడ ట్రిబ్యూన్ ఆదివారం పేజీ చేసిన పని ఇక్కడ ఆ పల్చటి రంగు కాగితం చేసింది. ఆ తర్వాత మన సినిమాల పాటల పుస్తకాల్లో కథాసంగ్రహం చివర్న సస్పెన్సులో ఆపే అలవాటు చాలా దశాబ్దాలు నడిచింది కదా, నా దగ్గర అలాంటివి కట్టలు కట్టలు ఉన్నాయి.

ఈ సీరియళ్ళ వాసన మన సినిమాల్లోకి నేరుగా వచ్చింది బొంబాయి వైపు నుంచి. వాడియా సోదరులు ఈ సీరియళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళు, 1935లో "హంటర్‌వాలీ" తీశారు, ఫియర్‌లెస్ నాడియా కొరడా పట్టుకుని దూకుతుంటే జనం ఊగిపోయారు. కంపెనీ అడక్కుండానే బజార్లో హంటర్‌వాలీ బెల్టులు, అగ్గిపెట్టెలు వచ్చేశాయి. అమెరికాలో పైనుంచి ప్లాను వేసి చేసిన పని మన బజారు కింది నుంచి తనంతట తాను చేసేసింది, పైసా రాయల్టీ లేకుండా.

ఇక మీ పుస్తకం. ఎవరు వేసిందో తెలుసుకోవాలంటే మొదటి పేజీ లేకపోయినా పర్వాలేదు. ఫొటోల కింద చిన్న అక్షరాలు చూడండి, పుస్తకం చివర వేరే పుస్తకాల ప్రకటనలు ఉన్నాయేమో చూడండి. హర్స్ట్ ఇంటర్నేషనల్ లైబ్రరీ వేసింది ఉంది, హార్పర్ వాళ్ళు వేసింది ఉంది, రెండూ 1915వే. ఫొటోలన్నీ ఉన్నాయా లేదా అన్నది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే జనం ఫొటోలు చింపి ఫ్రేము కట్టించుకుంటారు. పాత పుస్తకాల వాళ్ళు కొంతమంది ఆ పని చేసి విడివిడిగా అమ్ముతారు కూడా, దయచేసి మీరు ఆ పని చెయ్యకండి. ఈ పుస్తకాలు వేల కొద్దీ అచ్చయ్యాయి, కాబట్టి పైఅట్టా మొదటి పేజీ లేని కాపీకి అమెరికాలో ఎవరూ పెద్ద డబ్బు పెట్టరు. అట్ట మీద చుట్టే రంగు కాగితపు జాకెట్టు ఉంటే లెక్క వేరు. ఒకవేళ లోపల మద్రాసు, బెజవాడ, సికింద్రాబాద్ లాంటి ఊళ్ళ పుస్తకాల షాపు ముద్ర గానీ, లైబ్రరీ ముద్ర గానీ, ఎవరిదైనా సంతకం, తేదీ గానీ ఉంటే నా దృష్టిలో దాని విలువ అదే. సినిమా ఇక్కడ ఆడిన రోజుల్లో పుస్తకం కూడా ఇక్కడికి వచ్చిందా లేదా అనేదానికి అది చిన్న సాక్ష్యం.

దాచే పద్ధతి: సెల్లోటేపు వద్దు, లామినేషన్ అసలు వద్దు. ఆ కాలం చవక కాగితంలో ఆమ్లం ఎక్కువ, అంచులు పెళుసుగా విరుగుతాయి, పూర్తిగా తెరిచి బోర్లా పెట్టకండి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, పడుకోబెట్టి, చెమ్మ తగలని బీరువాలో పెట్టండి. వానాకాలంలో నెలకోసారి తీసి చూడండి, వెండిపురుగు మొదట జిగురు ఉన్న చోటే పట్టుకుంటుంది.

కథ మొత్తం చదవాలంటే ఆ పెళుసు పుస్తకం తిప్పక్కర్లేదు, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. పాలీన్, కాథ్లిన్, మిలియన్ డాలర్ మిస్టరీ కూడా ఉన్నాయి. పత్రికలో ఎలా వచ్చిందో చూడాలంటే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ పాత పేపర్ల ఆన్‌లైన్ సేకరణ "క్రానిక్లింగ్ అమెరికా" తెరిచి 1914, 1915 పెట్టి సీరియల్ పేరు వెతకండి. చిన్న చిన్న ఊళ్ళ పేపర్లు ముందు చూడండి, వాటిలో కథ పక్కనే ఆ ఊరి థియేటర్ ప్రకటన ఉంటుంది. పొత్తు ఎలా పనిచేసిందో ఆ ఒక్క పేజీ చాలు. సినిమా వ్యాపార పత్రికలు "మీడియా హిస్టరీ డిజిటల్ లైబ్రరీ"లో ఉన్నాయి, అందులో థియేటర్ యజమానులకి ఎలా ప్రచారం చేసుకోవాలో చెప్పే పేజీలు దొరుకుతాయి.

సినిమా మటుకు పూర్తిగా దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. కాథ్లిన్, మిలియన్ డాలర్ మిస్టరీ దాదాపు పోయాయి. పాలీన్ 20 భాగాల్లో మనకి మిగిలింది యూరప్ కోసం కుదించిన 9 భాగాల ప్రింటు, అందులో కార్డులు ఫ్రెంచిలోకి వెళ్ళి మళ్ళీ ఇంగ్లీషులోకి వచ్చినవి, నవలలో ఓవెన్ అనే దుర్మార్గుడు అక్కడ కోర్నర్ అయిపోయాడు. అంటే మొదట్లో జనం చూసిన కథ ఏమిటో తెలియాలంటే ఇప్పుడు పేపరు, నవల చదవడం తప్ప దారి లేదు. ఎలెయిన్‌ని 1994లో, పాలీన్‌ని 2008లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు.

వీలైతే ఫొటోల కింద రాసి ఉన్నది, చివరి పేజీ, ఏవైనా ముద్రలుంటే అవీ ఫోన్‌తో తీసి ఇక్కడ పెట్టండి. ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో తియ్యండి, నున్నటి కాగితం మీద ఫ్లాష్ పడితే అక్షరాలు కనబడవు. ఎవరు వేసిందో చూసి చెప్తాను.